ఎడమ కార్నర్ చేతులు

రఘునాథపల్లి దగ్గర ఒక ఊరి బడి వెనక ఎర్రమట్టి గ్రౌండు ఉండేది. అక్కడ కబడ్డీ ఆడేవాళ్లకు ఏ రూల్ పుస్తకంలోనూ లేని నియమం ఒకటి ఉండేది. కూతకు వచ్చినవాణ్ని మొదట ఎవరు పట్టారో, ఈల మోగాక వాళ్లే చెయ్యిచ్చి లేపాలి. లేపి, వీపుకంటిన మట్టి దులపాలి. అప్పటిదాకా నేలకేసి అదిమినవాడు ఆ ఒక్క క్షణం పెళ్లికొడుకును ముస్తాబు చేస్తున్నట్టు ఎదుటివాడి బనియన్ సర్దేవాడు. మరిచిపోయి వెనక్కి తిరిగాడంటే చుట్టూ నిలబడ్డవాళ్లు ఊరుకునేవారు కాదు. "లేపురా, లేపు!" అని గోల పెట్టేవారు. ఈ పద్ధతి ఎవరు పెట్టారో తెలియదు. చుట్టుపక్కల ఊళ్లన్నిటిలోనూ అదే నడిచేది.

నేను రాస్తున్న మనిషి ఈ నియమంతోనే పెరిగాడు. దానివల్లే నలుగురికీ తెలిశాడు. ఇప్పటికీ దాని కిందినుంచి పూర్తిగా బయటపడలేదు.

అప్పట్లో నేను జనగామలో ఒక దినపత్రికకు వార్తలు రాసేవాణ్ని. మార్కెట్ యార్డులో పత్తి ధర, హైవే మీద ప్రమాదం, మంత్రి పర్యటన, వీటన్నిటి తర్వాత జాగా మిగిలితే ఆటల పోటీలు. అలాంటి ఒక మండలాల పోటీలో అతన్ని మొదటిసారి చూశాను. చదివేది పదో తరగతి, చూడటానికి మాత్రం పెళ్లయి పిల్లలున్న మనిషిలా ఉన్నాడు. భారీ ఒళ్లు, పొట్టి మెడ, ఎప్పుడూ నేల చూపు. తోటిపిల్లలు గోలెం, అంటే నీళ్ల తొట్టి, అని ఏడిపించేవారట. ఆటల మాస్టారు అతన్ని కోర్టులో ఎడమ మూలన, అంటే కార్నర్‌లో, నిలబెట్టిన రోజు జరిగిన మాటలు అతనే తర్వాత నాకు చెప్పాడు.

"నాకు ఉరుకుడు రాదు సార్."

"నిన్నెవడు ఉరకమన్నడు? ఉరికేటోని కాలు పట్టు. వాని ఉరుకుడు బందైతది. నీకు ఉరికే పనే ఉండది."

కాలు పట్టడం అతనికి కొత్త కాదు. ఇంట్లో బర్రెలున్నాయి. వాళ్లమ్మ పాలు పిండుతుంటే పొదుగు మీదికి దుంకే దూడను పట్టి ఆపడం చిన్నప్పటినుంచీ అతని పని. గట్టిగా పట్టాలి, దెబ్బ తగలకూడదు. ఆ రెండూ కలిసిన పట్టు అతని చేతుల్లోకి అక్కడినుంచే వచ్చిందని నా నమ్మకం.

డిఫెండర్ల గురించి పత్రికలు పెద్దగా రాయవు. కూతకు పోయి నలుగురిని తాకి వచ్చిన రైడర్ ఫొటో పడుతుంది. మూలన కాచుకుని ఉండే మనిషి ఆ ఫొటోలో సగం మోచెయ్యిగానో, మట్టిలో ఉన్న నెత్తిగానో కనిపిస్తాడు. అతను జనగామ జట్టుకు ఎంపికైన రోజు నేనే అడిగాను, అసలు ఎట్లా పడతావని.

"మొఖం చూడొద్దన్నా. మొఖం మోసం జేస్తది. కన్ను కాలు మీద ఉండాలె, చెవి కూత మీద ఉండాలె. కూత యాడ సన్నవడ్తదో ఆడ కాలు బరువైతది. గప్పుడు పట్టాలె."

"పట్టినంక?"

"ఇడవొద్దు. ఈల మోగేదాక ఇడవొద్దు. గంతే."

ఆ తర్వాత అతని దారి మెల్లగా సాగింది. హైదరాబాద్‌లో క్రీడల హాస్టల్. ఒక ఏడాది ఎంపికలో పేరు రాక ఇంటికొచ్చి నాట్లు వేయించాడు. మరో ఏడాది వేలు విరిగింది, అతికింది, వంకర మాత్రం మిగిలింది. ఒక సర్కారు శాఖ జట్టులో కొన్నాళ్లు ఆడాడు. చివరికి టీవీలో వచ్చే లీగులో ఒక జట్టు అతన్ని తీసుకుంది. జనగామ చౌరస్తాలో నిలువెత్తు ఫ్లెక్సీ కట్టారు. వాళ్ల ఊళ్లో మొదటి మ్యాచ్ చూడటానికి ఇంటినిండా జనం చేరారు. నేనూ వెళ్లాను. పక్కింటి ముసలవ్వ టీవీకి దగ్గరగా జరిగి కళ్లు చికిలించి చాలాసేపు చూసింది.

"గిదేందే, మీ వోడు అందరి కాళ్లు మొక్కుతాండు? గంత దూరం పోయింది గిందుకేనా?"

ఆ ఇంట్లో అంత నవ్వు నేను మళ్లీ వినలేదు.

లీగులో కూడా అతను పట్టిన ప్రతి రైడర్‌నూ లేపాడు. మ్యాట్ మీద మట్టి ఉండదు, అయినా వీపు దులిపేవాడు. కెమెరాలకు అది నచ్చింది. వ్యాఖ్యాతలు దానికి పెద్దమనసని పేరు పెట్టారు. ఫోన్లో ఆ మాట చెబితే అతను నవ్వాడు. "పెద్దమనసు గాదన్నా. లేపకుంటె మా సారు వీపు పలగ్గొట్టెటోడు. గది అలవాటు."

ఒక్కటే అతనికి సరిపడలేదు. లైట్లు, డప్పులు, మైకుల మోతలో రైడర్ కూత చెవిన పడేది కాదు. "చెవిటోని లెక్క ఆడుతున్నన్నా," అనేవాడు. అందుకే లీగు లేని నెలల్లో ఊళ్లలో జరిగే మట్టి పోటీలకు తిరిగేవాడు. మోకాలు జాగ్రత్త అని అందరూ చెప్పారు. కూత వినాలని ఉంది అన్నాడు.

భూపాలపల్లికి కూడా అందుకే వెళ్లాడు.

శివరాత్రి మర్నాటి మధ్యాహ్నం. అతని గురించి ఆదివారం సంచికకు రాద్దామని నేనూ వెళ్లాను. అది బొగ్గు పనివాళ్ల ఇళ్ల వెనక గ్రౌండు. మట్టి మావైపు మట్టిలా ఎర్రగా ఉండదు, తడిపితే నల్లబడుతుంది. చెల్పూర్ వైపునుంచి థర్మల్ కేంద్రం పొగ మెల్లగా మా మీదుగా పోతోంది. ఎదుటి జట్టులో గంగారం మండలం నుంచి వచ్చిన సన్నటి రైడర్ ఒకడు ఉన్నాడు. వ్యవసాయం చేసుకునే ఇంటి పిల్లవాడు, ఎక్కడా నేర్చుకున్నది లేదు. కూతకు వస్తే గాలిలో తీగ సాగుతున్నట్టే ఉండేది. విరామంలో అతను నా దగ్గరికొచ్చి నీళ్లు తాగుతూ అన్నాడు.

"గా తమ్మి కూత ఇన్నవా అన్నా? యాడ సన్నవడ్తలేదు. వీన్ని మా లీగు వాళ్లకు చూపియ్యాలె."

విరామం తర్వాత ఆ కూత ఒకే ఒక్కసారి సన్నబడింది. అతని చేతులు చీలమండ మీద పడ్డాయి. రైడర్ బోర్లా పడుతూనే నడిగీత వైపు చెయ్యి చాచాడు. మిగతావాళ్లు ఒకరి మీద ఒకరు వచ్చి పడ్డారు. జనం లేచి నిలబడ్డారు. నాకు మనుషుల కుప్ప తప్ప మరేమీ కనపడలేదు. కూత ఆగింది. ఈల మోగింది. ఒక్కొక్కరే లేచారు. అందరికంటే చివర అతను పట్టు వదిలి లేచి, పక్కకు పొర్లి పడి ఉన్న రైడర్‌కు చెయ్యి చాచాడు.

ఆ చేతిని ఎవరూ అందుకోలేదు. రైడర్ కళ్లు తెరిచే ఉన్నాయి, పొగ వైపు చూస్తున్నాయి.

"లేపు! లేపు!" జనం మొదలుపెట్టారు. మామూలుగా అరిచే అరుపే. అతను వంగి, చంకల కింద చేతులు పెట్టి రైడర్‌ను లేపి నిలబెట్టాడు. కాళ్లు నిలబడలేదు. తల వచ్చి అతని భుజం మీద వాలింది. దాన్ని కౌగిలింత అనుకుని కొందరు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఎక్కడ ఆగిపోయాయో నాకు ఇప్పటికీ గుర్తుంది.

వరంగల్ దవాఖానలో ఒక యువ డాక్టరు బయటికొచ్చి మమ్మల్ని ఒక ప్రశ్న అడిగాడు. "కింద పడ్డాక ఎవరైనా లేపారా?"

"నేనే," అన్నాడు అతను.

మెడకు దెబ్బ తగిలినవాణ్ని కదపకూడదని డాక్టరు చెప్పాడు. కోప్పడలేదు. నేను లేపకుంటే బాగుండేదా అని అతను అడిగాడు. "చెప్పలేం. పడ్డప్పుడే అయిపోయి ఉండొచ్చు. లేపినప్పుడు అయి ఉండొచ్చు. ఇప్పుడు దాన్ని తేల్చే మార్గం లేదు," అని డాక్టరు లోపలికి పోయాడు.

రైడర్ బతికాడు. కాళ్లు రాలేదు. కుడిచెయ్యి కొద్దిగా కదిలేది, ఎడమది అది కూడా లేదు.

అతను తర్వాతి సీజన్ లీగుకు వెళ్లాడు. టీవీలో చూస్తున్న నాకు మొదట అర్థం కాలేదు. కాలు అందేది, పట్టేవాడు, రైడర్ కొంచెం పెనుగులాడగానే చేతులు తెరుచుకునేవి. ఎదుటివాడు గీత దాటి చెయ్యెత్తి గంతులేసేవాడు. ఇతను మోకాళ్ల మీద కూర్చుని తన అరచేతుల వైపు చూసుకునేవాడు. సీజన్ ముగిశాక జట్టు వదిలేసింది. మోకాలి గాయం అని ప్రకటించారు, మేమూ అదే రాశాం. మరో జట్టు పిలవలేదు. చౌరస్తాలో ఫ్లెక్సీ చోటికి బట్టల దుకాణం ప్రకటన వచ్చింది.

కొన్నేళ్లకు నా ఉద్యోగం మహబూబాబాద్‌కు మారింది. అతను అక్కడే ఒక గురుకుల పాఠశాలలో ఆడపిల్లలకు కబడ్డీ కోచ్‌గా ఉన్నాడని తెలిసి వెళ్లాను. ఇసుక నింపిన గోనెబస్తాకు బనియన్ తొడిగి, దాని మీద పట్టు నేర్పుతున్నాడు. మనిషి ఒంటి మీద మాత్రం చెయ్యి వెయ్యడు. ఎవరైనా పడితే, "మీరే లేపుకోండ్రి బిడ్డా, మెల్లగ, ముందు అడగాలె, యాడ నొస్తుందో అడగాలె," అని దూరం నుంచే చెప్పేవాడు. పిల్లలు బస్తాకు బావ అని పేరు పెట్టుకున్నారు.

"సార్, బావ కూత పెడ్తలేడు సార్. ఎప్పుడు పట్టాలె?"

"నేను పెడ్త, పట్టుండ్రి," అనేవాడు. అతని కూత రెండు మాటల కంటే సాగేది కాదు.

అతని గదిలో ఫ్యాను ఉండేది, వేసేవాడు కాదు. మొదట పొదుపు అనుకున్నాను. ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం నేను లేచి స్విచ్ వేస్తే వెంటనే వచ్చి ఆపేశాడు. ఫ్యాను తిరిగే చప్పుడులో, దూరాన బోరు మోటరు ఆడే చప్పుడులో, పెట్టె వెనక పెట్టె పోయే గూడ్సు బండిలో అతనికి అదే కూత వినబడుతుంది. సాగుతుంది, సాగుతుంది, ఒకచోట సన్నబడుతుంది. సన్నబడే చోటు ముందే తెలుసు. అక్కడ తన చేతులు వాటంతటవే కదులుతాయని చెప్పాడు.

"గంగారం పోదామన్నా," అన్నాడు ఆ రోజే. "ఇన్నేండ్ల సంది అనుకుంటున్న, కాళ్లు రాలే. నువ్వుంటె వస్త. వాన్ని ఒక్క మాట అడగాలె. నేను పడితె విరిగిందా, నేను లేపితె విరిగిందా. వాని పెయ్యి, వాని ఒళ్లు గద, వానికి తెల్సుంటది."

నా బండి మీదే వెళ్లాం. కొత్తగూడ దాటాక రోడ్డుకు రెండువైపులా అడవి, మధ్యమధ్య మక్కజొన్న చేన్లు. ఊరి చివర రేకుల ఇల్లు. అరుగు మీద మక్కలు ఎండబోసిన అవ్వ, రైడర్ తల్లి, తలెత్తి అతన్ని చూసింది, గుర్తుపట్టింది. చేట పక్కన పెట్టి తలుపు తెరిచి నిలబడింది.

రైడర్ మంచం మీద, వీపు వెనక మెత్తల ఆసరాతో ఒరిగి ఉన్నాడు. ముఖం గుండ్రబడింది, గొంతు మాత్రం అదే.

"వచ్చినవా అన్నా! కాలు పట్టేటందుకే వచ్చినవ్ గదా? పట్టు పట్టు. ఇప్పుడైతె నాకేం తెల్వది."

అవ్వ కసురుకుంది. "ఏం మాటలు రా గవి, ఇంటికొచ్చిన మనిషితోని!" అతను గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. దారంతా కూడబలుక్కున్న మాట అడిగాడు. పట్టినప్పుడా, లేపినప్పుడా.

అతను తమ్ముడని పిలిచే ఆ రైడర్ చాలా తేలిగ్గా, పక్కింటివాళ్ల సంగతి చెప్పినట్టు చెప్పాడు. "నాకేమెరుక? పడ్డది ఎరుకే. మన్ను వాసన ఎరుకే. మళ్ల దవాఖాన ఎరుకే. నువ్వు లేపింది నాకు యాదికే లేదు. గది ఇడ్సిపెట్టు. ముందు నేనడిగేదానికి చెప్పు. నా చెయ్యి నడిగీతకు తాకిందా లేదా?"

మేమిద్దరం ముఖాలు చూసుకున్నాం.

"తాకింది," అన్నాడు తమ్ముడు. "కూత ఆగకముందే తాకింది. నా వేళ్లకు ఎరుకే. గీత సున్నం, చల్లగ ఉంటది. గట్లయితె నేను ఔట్ గాదు. నన్ను పట్టినోళ్లంత ఔట్. నువ్వు ఔట్. గా అంపైర్ మీ దిక్కు ఇచ్చిండు. పేపరాయన, నువ్వు ఆడనే ఉన్నవ్ గద, నువ్వు చెప్పు."

మనుషుల కుప్ప తప్ప నాకేమీ కనపడలేదని నిజమే చెప్పాను. తమ్ముడు పెదవి విరిచి మళ్లీ గుమ్మం వైపు చూశాడు.

"నువ్వు చెప్పన్నా. ఔటా, గాదా?"

ఇన్నేళ్లు మంచం మీద అతను మోసింది ఆ ఒక్క పాయింటునని అప్పుడు అర్థమైంది. మెడ గురించి గానీ, లేపడం గురించి గానీ అతనికి ప్రశ్నే లేదు. గుమ్మంలో నిలబడ్డ మనిషి తన చేతులు చూసుకున్నాడు.

"ఔటే తమ్మీ."

"ఔటైనోడు లోపలెందుకున్నడు మరి? బయట కూసో!"

నవ్వుతూనే అన్నాడు. ఈయన మాత్రం నిజంగానే బయటికి వెళ్లి అరుగు మీద, మక్కల పక్కన కూర్చున్నాడు. అవ్వ చాయ్ అక్కడికే తెచ్చిచ్చింది.

తిరుగుదారి పట్టాం. అడవి దాటాక బండి వెనకనుంచి అతను అన్నాడు. "తాకలేదన్నా. వాని కాలు నా చేతుల ఆగిపోయింది. ఆగినంక ఇంచు గూడ జరుగలే. నా చేతులకు ఎరుకే."

"మరి ఔటని ఎందుకు ఒప్పుకున్నవ్?"

"ఇంకేమున్నదన్నా నా దగ్గర, వానికిచ్చేటందుకు?"

ఆ తర్వాత నెలకోసారి, ఒక్కోసారి రెండుసార్లు వెళ్లేవాడు. లోపలికి పోయేవాడు కాదు. తెచ్చిన మందులు, పండ్లు అవ్వ చేతిలో పెట్టి అరుగు మీద కూర్చునేవాడు. కొన్నిసార్లు నేను తోడు వెళ్లాను. ఊపిరితిత్తులు బలంగా ఉండాలంటే రోజూ గాలి ఊదమని దవాఖానలో ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఇచ్చారట. తమ్ముడు దాన్ని మూలకు పెట్టించి, దానికి బదులు కూత పెట్టేవాడు. రేకుల గోడ అవతలినుంచి ఆ కూత వచ్చేది. పాత తీగ కాదు. తడబడుతూ, దగ్గుతో తెగుతూ, మళ్లీ మొదలవుతూ వచ్చేది. ఫ్యాను చప్పుడు కూడా వినలేని మనిషి అది వింటూ, మోకాళ్ల మీద చేతులు బోర్లించి కూర్చునేవాడు. కూత సన్నబడ్డప్పుడల్లా వేళ్లు ముడుచుకునేవి. అవ్వ చూస్తూనే ఉండేది.

"గింత పెద్ద మనిషివి, గిట్ల బయట కూసుంటె మందేమనుకుంటరు బిడ్డా? వాడు నవ్వులాటకన్నడు. లోపటికి రా."

"ఉండనీ అవ్వా. వాడు పిలిస్తె వస్త."

మొన్న వానలు వెనకబట్టాక ఒక సాయంత్రం వెళ్లాం. లీగు మొదలైంది, లోపల టీవీ ఆడుతోంది. అతను మునుపు ఆడిన జట్టు ఆట. మేం అరుగు మీద ఉన్నాం. వ్యాఖ్యాత గొంతు పెరిగింది, ఈల మోగింది, జనం హోరెత్తారు. ఆ వెంటనే లోపలినుంచి తమ్ముడి కేక.

"అన్నా! మీ టీము పట్టిందే! రైడర్ ఔట్!"

"మంచిది తమ్మీ."

"మంచిదేంది? రూలు మర్సినవా? మీరు ఒకన్ని ఔట్ జేస్తె మీ ఔటైనోళ్లల్ల ఒకడు లోపటికి రావాలె. లైన్ల మొదలు కూసున్నది నువ్వే. రా!"

అతను లేవలేదు. నేను భుజం మీద తట్టాల్సి వచ్చింది. చెప్పులు విప్పి, గుమ్మం ముందు వంగి నేలను తాకి కళ్లకద్దుకుని లోపలికి నడిచాడు, గ్రౌండులోకి దిగినట్టే.

"గా కుర్చీల కూసుండవెట్టు," అన్నాడు తమ్ముడు. "రోజు అవ్వ, పక్కింటాయన కల్సి పెడ్తరు. ఇయ్యాల ఆయన రాలే. పండుకోని చూస్తె ఆట సగమే కనవడ్తది."

అతను అరచేతులు చొక్కాకు తుడుచుకున్నాడు. అవ్వ దగ్గరికొచ్చి ఎట్లా పట్టాలో చూపింది. మెడ వెనక ఒక చెయ్యి, మోకాళ్ల కింద ఒక చెయ్యి. అతను వంగి, "యాడన్న నొస్తుందా?" అని అడిగాడు. "నొస్తె ఎంత మంచిగుండు," అన్నాడు తమ్ముడు. అప్పుడు లేపాడు. మెడను గాజుసామానులా మోచేతి మడతలో దాచి, మెల్లగా పైకి.

గాలిలో ఉండగా తమ్ముడికి అల్లరి పుట్టింది. అతని చెవి దగ్గర కూత మొదలుపెట్టాడు. కబడ్డీ కబడ్డీ కబడ్డీ. చిన్నగా, గుసగుసలాగా, ఎక్కడా తెగకుండా.

అతని చేతులు బిగుసుకోవడం చూశాను. కుర్చీ పక్కనే ఉంది, దించలేదు. "దించు బిడ్డా," అంది అవ్వ. వినలేదు. చూపు నేల మీద, చెవి కూత మీద. కూత సాగింది, వాళ్లిద్దరిలో ఎవరు ఎవరిని పట్టుకున్నారో నాకు తెలియలేదు. ఒకచోట అది సన్నబడింది. ఆ చేతులు తెరుచుకుంటాయనుకుని నేను దగ్గరికి జరిగాను. తెరుచుకోలేదు. కూత ఆగింది. అప్పుడు కుర్చీలో దించాడు.

"మరి మట్టి దులుపవా?" అన్నాడు తమ్ముడు ఆయాసపడుతూ.

అతను కుర్చీ వెనక్కి వెళ్లి నిలబడ్డాడు. ఉతికిన చొక్కా, దాని మీద మట్టి లేదు. దులపడం మొదలుపెట్టాడు. భుజాలనుంచి కిందికి, మళ్లీ భుజాలనుంచి కిందికి. తమ్ముడు టీవీ చూస్తున్నాడు. వీపు మీద అతనికి స్పర్శ లేదు. కాసేపటికి, చూపు తిప్పకుండానే అడిగాడు.

"అయిందా అన్నా?"

"ఇంకింత ఉన్నది."